ఐదున్నర గంటలు

మార్చి 4, మంగళవారం

ఫొటోలో నా మోచేయి పడింది. పేపర్లో జిల్లా పేజీ, కుడివైపు చివర, గంధం రంగు చీర అంచు, దాని కింద మోచేయి. మధ్యలో తస్లీమా నిలబడి కంప్యూటరు తెర చూపిస్తోంది. "నక్షత్రం పలుకు విన్న జమ్మలమడుగు అమ్మాయి" అని పెద్దక్షరాలు. వార్త మొత్తం మీద నేను ఒక్కచోట ఉన్నాను: "ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఫిజిక్స్ లెక్చరర్ ఇచ్చిన ప్రోత్సాహం మరువలేనిదని ఆమె అన్నారు." ఆ లెక్చరర్‌కు పేరు లేదు.

శ్రీవత్స ఆఫీసుకు బయల్దేరుతూ నా భుజం మీదుగా తొంగిచూశాడు. "ఏందే, పొద్దన్నుంచి ఆ పేపరే చూస్తాండావు. నీ శిష్యురాలే కదా, సంతోషపడాల్సింది పోయి" అన్నాడు. సంతోషంగానే ఉన్నానని చెప్పాను. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. మున్సిపల్ ఆఫీసులో ఎవరి దరఖాస్తులో ఏ కాగితం తక్కువైందో కళ్ళు మూసుకుని చెబుతాడు, నా మొహం మాత్రం చదవలేడు.

సంతోషమే. ఇది నా డైరీ, ఇందులో అబద్ధం రాసుకోవాల్సిన అవసరం నాకేముంది.

మార్చి 5

ఆ డేటా నాది.

మార్చి 6, గురువారం

రెండో సంవత్సరం పిల్లలు పాఠం పక్కన పెట్టమన్నారు. "మేడమ్, తస్లీమాక్క నక్షత్రం గురించి చెప్పండి." తస్లీమాక్క నక్షత్రమట. చెప్పాను.

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు దాకా పట్టే ఒక గుండును అనుకోండి. అంతే దాని సైజు. బరువు మాత్రం సూర్యుడి కంటే ఎక్కువ. దాని పక్కనే మామూలు నక్షత్రం ఒకటి. ఈ గుండు ఆ పక్కదాని ఒంటి మీది వాయువును లాక్కుంటూ ఉంటుంది. లాక్కున్నది చుట్టూ తిరుగుతూ, కాగిపోతూ లోపలికి పడుతుంది. ఆ వేడికి ఎక్స్‌రేలు వస్తాయి. కొంచెం మాత్రం లోపలికి పడకుండా పిచికారీలాగా బయటికి చిమ్ముతుంది. ఆ చిమ్మినదాని నుంచి రేడియో వస్తుంది, శానా సన్నగా. కృష్ణబిలాల దగ్గరైతే గట్టిగానే వినబడుతుంది. ఇట్లాంటి గుండ్ల దగ్గర, అంటే న్యూట్రాన్ నక్షత్రాల దగ్గర, ఆ రేడియో పట్టుకోవడమే కష్టం.

"మరి మీరు పట్టుకోలేదా మేడమ్?" అని ముందు బెంచీ పిల్ల అడిగింది. ఎగతాళి కాదు, మామూలుగానే అడిగింది. అదే ఎక్కువ మండింది.

పట్టుకోలేదమ్మా. ఎనిమిదేళ్ళ కిందట ఇదే మార్చి నెలలో పూణే దగ్గరి పెద్ద రేడియో డిష్షుల మీద నాకు నాలుగు సాయంత్రాలు సమయమిచ్చారు. బిడ్డను అత్తగారి దగ్గర వదిలి వెళ్ళాను. నాలుగు సాయంత్రాలూ ఆ నక్షత్రం వైపే గురిపెట్టి, ఇంటికొచ్చి, ఏ రోజుకారోజు మూడేసి గంటలూ కలిపి ఒక్కొక్క బొమ్మ తీశాను. ఏమీ లేదు. "కనబడలేదు" అని రెండు పేజీలు అచ్చువేయించుకున్నాను. పీహెచ్‌డీ అక్కడితో ఆగింది. డిస్కూ, నా నీలం అట్ట నోటుబుక్కూ బీరువాలో పడేశాను. రెండేళ్ళ కిందట తస్లీమా అడిగితే తీసిచ్చాను. ఆమె మూడు గంటలను ఇరవై నిమిషాల ముక్కలుగా కోసింది. నాలుగో సాయంత్రం, ఒక్క ముక్కలో, ఆ నక్షత్రం ఉన్నచోట రేడియో చుక్క ఉంది.

ముక్కలుగా కోయాలని నేనూ అప్పట్లో అనుకున్నాను. అనుకున్నట్టే గుర్తు.

మార్చి 9, ఆదివారం

తస్లీమా తన పరిశోధన పేపరు డ్రాఫ్టు పంపింది. వెంటనే ఫోన్.

"మేడమ్, రోజా ఉపవాసముండి రాసినా, యాడన్నా తప్పులుంటే తిట్టొద్దండి. మూడో పట్టిక ఒకసారి చూడండి. డిస్కులో ఫైళ్ళ తలలు చెడిపోయినాయి కదా, ఏ ముక్క ఎప్పుడు తీసిందో ఫైలు చెప్పదు. టైములన్నీ మీ నోటుబుక్కులోవే ఎక్కించినా."

చూస్తానన్నాను. చూడలేదు. చూసిందల్లా మొదటి పేజీ. చుక్క కనబడిన ఆ రోజే పైన తిరిగే ఎక్స్‌రే ఉపగ్రహం కూడా అదే నక్షత్రాన్ని చూసిందట. ఎక్స్‌రే వెలుగు ఉన్నట్టుండి పడిపోయిన ఐదు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలకు రేడియో లేచిందట. ఇంత ఆలస్యం ఇంతవరకు ఎవరూ చూడలేదని, అందుకే పిచికారీ పుట్టడం గురించి కొత్తగా ఆలోచించాల్సి వస్తుందని నాలుగు పేజీలు రాసింది. హైదరాబాద్ ప్రొఫెసర్ గారొకరు ఇరవై ఏడున జరిగే సదస్సులో మాట్లాడమని పిలిచారు. చుక్క కనబడినందుకు కాదు ఈ పిలుపులన్నీ. ఆ ఐదు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలకు.

తస్లీమా పేరు ముందు. నా పేరు రెండోది.

ఆమె పులివెందులలో గెస్ట్ లెక్చరర్‌గా చేరి రెండేళ్ళు కాలేదు. నాకు ఇరవై ఏళ్ళ సర్వీసు. కడుపు మండుతోందని రాసుకోవడానికి సిగ్గేమిటి, ఎవరు చూడొచ్చారు. కానీ మండడం లేదు. న్యాయం గురించి ఆలోచిస్తున్నాను, అంతే.

మార్చి 11

"నా పేరు తీసెయ్ తస్లీమా. పని అంతా నువ్వే చేశావు" అన్నాను. "అట్లెట్ల మేడమ్, డేటానే మీది" అంది. వద్దన్నాను. మళ్ళీ అడిగింది. వద్దన్నాను. మూడోసారి కూడా అడిగింది.

మార్చి 12

తీసేసింది. "మీ మాట కాదనలేక తీసినా మేడమ్. చివర్లో మీకు కృతజ్ఞతలు పెట్టినా" అని మెసేజ్.

నాలుగోసారి అడగడానికి ఏమైంది ఆమెకు?

మార్చి 14

ఈ రోజు ల్యాబులో పగిలిన లెన్సు కనబడింది. ఎవరు పగలగొట్టారో చెప్పేదాకా అందరినీ నిలబెట్టాను. తర్వాత చూస్తే అది పోయిన సంవత్సరమే పగిలిందని రిజిస్టరులో ఉంది.

మార్చి 16, ఆదివారం

ఇఫ్తారుకు రమ్మని తస్లీమా వాళ్ళమ్మ షాహీదాబీ స్వయంగా ఫోన్ చేసింది. వెళ్ళకపోతే మొహం గంటు పెట్టుకున్నానని అనుకుంటారు. నాలుగింటికి బస్సెక్కి జమ్మలమడుగులో దిగాను. దారిలో చదువుదామని డ్రాఫ్టు తీసుకెళ్ళాను.

చిన్న ఇల్లు, కడిగి తుడిచి చాపలు పరిచారు. పళ్ళేల్లో ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, సమోసాలు. గిన్నెలో గంజి. నాకోసమని వేరే పొయ్యి మీద వేరే గిన్నెలో పులిహోర చేసింది షాహీదాబీ. "మీరు తింటారో తినరో అని భయపడినానమ్మా. గిన్నె కూడా కొత్తది కొనుక్కొచ్చినా. మా తస్లీమా మిమ్మల్ని తలుచుకోని దినం లే" అంది. కొత్త గిన్నె మీద షాపువాడి స్టిక్కరు ఇంకా ఉంది. దాని అంచును గోటితో గీకాను. తర్వాత చిరాకు వేసింది, ఇంత మంచితనం ఎవరడిగారని.

గోడకు రంజాన్ వేళల కార్డు. ఈ రోజుకు ఆరు ఇరవై ఆరు. అందరూ ఖర్జూరం చేత్తో పట్టుకుని కూర్చున్నారు. తస్లీమా ఫోనులో వాళ్ళ నాన్న అన్సర్ కనబడుతున్నాడు. కువైట్‌లో డ్రైవరు.

"టీచరమ్మకు సలాం" అన్నాడు ఆయన. "మీకు అయిపోయిందిలే రోజా. ఈడ ఇంకా నాలుగు కాలే. మాకింకా రెండు గంటలుండాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఒళ్ళో ఉన్న డ్రాఫ్టు వైపు ఊరికే చూశాను. మూడో పట్టిక, నాలుగో సాయంత్రం. మొదలు, 18:31. పైన గ్రీనిచ్ కాలం అని ఉంది.

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు. మొదలైందని రాసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. డిష్షుల వెనక సూర్యుడు ఇంకా పూర్తిగా దిగలేదు. గ్రీనిచ్‌లో ఆరున్నర అంటే మన దగ్గర అర్ధరాత్రి పన్నెండు. అప్పుడు సూర్యుడు ఎక్కడి నుంచి వస్తాడు? నేను నా చేతి గడియారం చూసి రాశాను. ఏ దేశపు గడియారమో నోటుబుక్కులో రాయలేదు. పైన "టైము" అని మాత్రం రాశాను. ఉపగ్రహం వాళ్ళది గ్రీనిచ్ కాలం, నాది మన కాలం. తేడా ఐదున్నర గంటలు. ఐదు గంటల ముప్పై ఎనిమిది నిమిషాల్లోంచి అది తీసేస్తే మిగిలేది ఎనిమిది నిమిషాలు.

చుక్క నిజమే. ఆలస్యం లేదు. ఎక్స్‌రే పడిపోగానే రేడియో లేచింది, అందరూ అనుకునేట్టే.

మసీదులో అజాన్ మొదలైంది. "బిస్మిల్లా" అని అందరూ ఖర్జూరం నోట్లో పెట్టుకున్నారు. తస్లీమా పులిహోర పళ్ళెం నా ముందుకు జరిపింది. "ఏం మేడమ్, పట్టికలో ఏమన్నా ఉందా?" అని అడిగింది.

"లేదు. తిను ముందు" అన్నాను.

రెండుసార్లు వడ్డించుకున్నాను.

మార్చి 17

ఇంటి నిండా జనం ఉన్నప్పుడు, ఉపవాసం విడిచే వేళ, ఆమె నాలుగు పేజీలూ గాలికి పోయాయని ఎలా చెబుతాను? అది మర్యాద కాదు.

అందులో ఇంకొకటి ఉంది. నా పేరు తీసేసిన నాలుగు రోజులకు తప్పు పట్టుకుంటే ఎవరేమంటారు? ఓర్వలేక కావాలని లాగుతోంది అంటారు. అసూయ అనుకుంటారన్న భయంతోనే చెప్పలేకపోతున్నాను. అసూయ ఉండి కాదు.

మార్చి 18

రేపు చెబుతాను.

మార్చి 19

ప్రాక్టికల్ పరీక్షలు. వీలు కాలేదు.

మార్చి 21, శుక్రవారం

ఫోన్ చేశాను. రెండు రింగులకే పెట్టేశాను. ఆమె తిరిగి చేసింది.

"ఊరికే చేశాను, ఎట్లా ఉన్నావని" అన్నాను.

"నీరసంగా ఉంది మేడమ్, అయినా స్లైడ్లు చేస్తాండా. మేడమ్, పట్టిక చూసినారా? టైములన్నీ సరిపోయినాయా? హైదరాబాదులో పెద్దపెద్దోళ్ళు వస్తాండారంట. మీరు చూసినారంటే నాకు ధైర్యం."

ఇప్పుడు చెప్పడం ఎంతసేపు? తస్లీమా, అది మన టైము, అంటే చాలు. నోరు తెరిచాను కూడా. అంతలో ఆమె, "ప్రొఫెసర్ సారు అన్నారు మేడమ్, ఇన్నేళ్ళు బీరువాలో పడున్న డేటాలో ఇంత ఉందా అని" అంది. మామూలుగానే అంది.

"అంతా సరిగ్గా ఉంది" అన్నాను.

"శానా థ్యాంక్స్ మేడమ్."

ఇన్ని రోజులూ చెప్పకపోవడం వేరు. ఈ రోజు చెప్పింది వేరు. ఆ తేడా నాకు తెలుసు. ఫిజిక్స్ లెక్చరర్‌ను, తేడాలు కొలవడమే నా పని.

మార్చి 23

శ్రీవత్స అడిగాడు, "ఏందే, రెండు దినాలుగా అన్నం కెలుకుతాండావు?" గ్యాస్ అన్నాను. మందుల షాపుకెళ్ళి మాత్ర తెచ్చిచ్చాడు. వేసుకున్నాను.

మార్చి 25

ఆమే చూసుకోవాలి. పేపరు రాసేవాళ్ళ బాధ్యత అది. నోటుబుక్కులో "టైము" అని ఉంటే ఏ టైమో అడగాలని తెలియదా? నేను ఆమె వయసులో ఉన్నప్పుడు అడిగేదాన్ని.

ఆమె వయసులో ఉన్నప్పుడు ఆ నోటుబుక్కు రాసింది నేనే కాబోలు. కాదు, అప్పటికి నాకు ముప్పై ఆరు.

మార్చి 27, గురువారం

సదస్సు లింకు పంపింది. కాలేజీ స్టాఫ్ రూములో, అందరూ క్లాసులకు వెళ్ళాక, తలుపు దగ్గరికి వేసి ఫోనులో చూశాను.

ఆకుపచ్చ దుపట్టా నెత్తి మీద సర్దుకుంటూ వేదిక ఎక్కింది. గొంతు మొదట వణికింది, తర్వాత నిలబడింది. బాగా చెప్పింది. నేను క్లాసులో చెప్పినట్టే చెప్పింది, నా మాటలే, జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు దాకా పట్టే గుండు అని. వాళ్ళు నవ్వారు. నా మాట నాకు ముందు వినబడింది, తర్వాత గుర్తుకొచ్చింది, ఆ పోలిక నేను ఆమెకు పదేళ్ళ కిందట చెప్పానని.

ప్రశ్నలు. తెల్ల గడ్డం పెద్దాయన ఒకరు లేచారు. కోపంగా ఏమీ లేరు. "అమ్మా, ఈ రేడియో టైములు ఏ గడియారానివి? ఎందుకడుగుతున్నానంటే, నీ ఆలస్యం ఐదున్నర గంటలకు కొంచెం ఎక్కువగా ఉంది."

హాల్లో ఎవరో ముందు నవ్వారు. తర్వాత చాలామంది. ఆ అంకె మన దేశంలో ఎవరికి తెలియదు? ఆమెకు అర్థం కావడానికి మూడు నాలుగు క్షణాలు పట్టింది. అర్థమైన క్షణం నాకు తెరలో కనబడింది.

"నేను సరిచూసుకోలేదు సార్. తప్పు నాది" అంది.

నోటుబుక్కు మాట ఎత్తలేదు. నా పేరు ఎత్తలేదు. అంతా సరిగ్గా ఉందని ఒకరు చెప్పారని కూడా అనలేదు.

ఆ నవ్వు వినగానే నాకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

మార్చి 28

ఆమే ఫోన్ చేసింది. బస్సులో ఉంది, హైదరాబాద్ నుంచి వస్తోంది. ఏడ్చిన గొంతు.

"చూసినారా మేడమ్, నా బతుకు. మీరేం బాధపడొద్దండి, మీ మాట నేను యాడా ఎత్తలే. మీరు పనుల్లో ఉన్నారు, నేనే తొందర పెట్టినా. తీరిగ్గా చూసింటే మీరు పట్టుకునేవాళ్ళే, నాకు తెలీదా."

ఆమె ముక్కు తుడుచుకుంది.

"చుక్క నిజమేనన్నారు మేడమ్ సార్లు. దిద్ది పంపమన్నారు. ఒక కాయితం కావల్లంట. ఆ టైములు ఇండియన్ టైమని, రాసినోళ్ళ చేతి రాతతో, సంతకంతో. పొరపాటు ఎప్పుడు తెలిసిందో తేదీ కూడా వెయ్యాలంట. దిద్దిన పేపరుతో అందరికీ పంపిస్తారంట. మీరు శ్రమ పడొద్దు, నేనే ప్రొద్దుటూరుకొస్తా."

"నేనే వస్తాను" అన్నాను.

మార్చి 29, శనివారం

ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు. రేపు ఉగాదని బస్సు నిండా మామిడాకుల కట్టలు, పూల బుట్టలు. కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. ఎలా కూర్చినా ఒక మాట దగ్గర ఆగిపోయాయి.

కాలేజీ ల్యాబులో ఒక్కతే ఉంది, సోనోమీటరు తీగ బిగిస్తోంది. నన్ను చూసి లేచి కుర్చీ తుడిచింది. "ఎండలో వచ్చినారు, నీళ్ళు తాగండి మేడమ్. నేను రోజాలో ఉన్నానని మొహమాటపడొద్దండి" అని సీసా ఇచ్చింది. తాగలేదు.

తెల్ల కాగితం, పెన్ను పెట్టింది. నేను రాశాను. ఫలానా నక్షత్రాన్ని పరిశీలించిన నాలుగు సాయంత్రాల వేళలు నేను స్వయంగా భారత కాలమానంలో నమోదు చేశానని, ఆ సంగతి నోటుబుక్కులో రాయకపోవడం నా పొరపాటని, తస్లీమా తప్పు ఇందులో లేదని. సంతకం పెట్టాను.

"తేదీ మేడమ్. పొరపాటు తెలిసిన తేదీ. ఇరవై ఏడు వెయ్యండి."

మార్చి 16 అని వేశాను.

ఆమె వంగి చూసింది. "పదహారు కాదు మేడమ్, ఇరవై ఏడు. గురువారం కదా సదస్సు."

"పదహారే" అన్నాను.

పెన్ను మూత పెట్టాను. బల్ల మీద పెట్టాను. ఆమె కాగితం వైపే చూస్తోంది. లోపల లెక్కపెట్టుకుంటోందని పెదవుల మీద తెలుస్తోంది. పదహారు నుంచి ఇరవై ఏడు దాకా. మధ్యలో ఇరవై ఒకటి దగ్గర ఆగిందేమో.

"ఈ కాయితం అందరికీ పోతుంది మేడమ్" అంది.

"పోనీ."

"ఎందుకు చెప్పలే?"

బస్సులో కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఆగిపోయిన ఆ మాటే వచ్చింది. "ఓర్వలేక" అన్నాను. ఇన్ని రోజులుగా ఈ డైరీలో కూడా దాన్ని నా నోట పెట్టుకోలేదు, ఊళ్ళోవాళ్ళ నోట్లోనే పెట్టాను.

ఆమె ఏడవలేదు. తిట్టనూ లేదు. కాగితాన్ని ఎత్తి, సిరా ఆరిందో లేదో వేలితో చూసి, ఫైల్లో పెట్టింది. తర్వాత అడిగింది.

"పదహారంటే ఆదివారం. మీరు మా ఇంటికి ఇఫ్తారుకొచ్చిన దినం."

"అవును."

"మీరు తిన్నాక తెలిసిందా మేడమ్, తినకముందా?"

బయట గంట కొట్టారు. పిల్లలు రికార్డులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు, లోపలికి రావచ్చా అని చూస్తున్నారు. తిన్నాక అని ఉంటే సరిపోయేది. ఆ పూట సంగతి ఈ డైరీలో తప్ప ఏ కాగితంలోనూ లేదు.

"తినకముందే" అన్నాను.